అవ్వకు మేము నీళ్ళు పోసిన రోజు

మొన్న మా పక్కింట్లో పదిరోజుల పసివాడికి నీళ్ళు పోస్తున్నారంటే, ఊరికే ఉండలేక చూడబోయాను. వాడి రొమ్ములు రెండూ కాస్త ఉబ్బి, వేలు తగిలితే చిన్న రేగుపండంత గట్టిగా ఉన్నాయి. వాళ్ళమ్మ ముఖం పాలిపోయింది. నేను నోరు తెరిచేలోపే నీళ్ళు కాచే పొయ్యి దగ్గర నుంచి వాళ్ళ నాయనమ్మ కేకేసింది: "ముట్టకు బిడ్డా, పిండకు! తల్లి నుంచి వచ్చిన వాపది, దానంతటదే పోతది." ఆ మాట వినగానే చప్పట్లు కొట్టాలనిపించింది నాకు. రిటైరైన నర్సుకు పసిపిల్లవాడి రొమ్ము చూసి అంత సంబరమేమిటని మీరు నవ్వుకోవచ్చు కానీ, ఆ ఒక్క మాట ఒక అత్తగారి నోట వినడానికి ఒకప్పుడు నేను ఎన్ని గడపలు ఎక్కి దిగానో చెబితే మీరు కూడా నాతోపాటు సంబరపడతారు.

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్ళవి. కేతేపల్లి దగ్గర ఒక ఊళ్ళో సబ్‌సెంటర్ నర్సుగా ఉండేదాన్ని. అప్పటికే కాన్పులన్నీ దవాఖానల్లోనే జరుగుతున్నా, బిడ్డ ఇంటికి వచ్చాక రాజ్యమంతా ఒక అవ్వది. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను బోర్లా వేసి ఆమె నీళ్ళు పోస్తుంటే ఎంత మొండిపిల్లయినా రెండు ఏడుపులు ఏడ్చి నిద్రలోకి జారుకునేది. ఆ ఊళ్ళో ఆడపిల్ల పెద్దమనిషి అయితే తలమీద తొలి చెంబు పోసేదీ ఆమే, అదే పిల్ల బాలింతగా పుట్టింటికి వస్తే నడుము కాగేలా వేడినీళ్ళు పోసేదీ ఆమే. నీళ్ళు పోస్తూ పసిబిడ్డల రొమ్ములు పిండేది కూడా ఆమే. లోపల చెడుపాలు ఉంటాయనీ, పిండకపోతే పెద్దయ్యాక గడ్డలు కడతాయనీ ఆమె నమ్మకం.

అట్లా పిండగా పిండగా ఒక ఆడబిడ్డకు ఒకవైపు ఎర్రగా వాచి చీము పట్టింది. నల్లగొండకు పరుగెత్తించి, కోయించి, కట్టు కట్టించి తెచ్చాం. తిరిగి వచ్చిన సాయంత్రమే నేను అవ్వ వాకిట్లో నిలబడి నా గొంతు ఎంత లేస్తుందో అంత లేపాను. ఆమె తక్కువ తిన్నదా? "మా అత్త పిండింది, నేను పిండిన. గీ ఊరంత బతకలేదా?" అని నా ముఖం మీదే తలుపు వేసింది. ఆ తరువాత నేను ఎదురొస్తే కొంగు ఇటు నుంచి అటు మార్చుకుని పక్క సందులోకి తిరిగేది. కానీ కట్టు విప్పిన రోజు ఆ పసిదాని ఎద మీద గాటు చూసిందట, పిండడం మానేసింది. తప్పయిందని నాతో ఒక్క మాట అనలేదు సుమా! పైగా పిండవద్దన్నది తాను పుట్టినప్పటి నుంచీ చెబుతున్న మాటే అయినట్టు ఇంటింటికీ చెప్పడం మొదలుపెట్టింది. నేను నోరు మూసుకుని లోలోపల ఎగిరి గంతేశాను.

ఒకరోజు తానే నన్ను వెంట రమ్మంది, అక్కడి నుంచి మా ఇద్దరి జోడీ చూడాలి! నన్ను గుమ్మంలోనే నిలబెట్టి పంపే ఇళ్ళల్లోకి ఆమె వెంట దర్జాగా వంటింటి దాకా వెళ్ళేదాన్ని. పదేళ్ళ పిల్లకు ఒకవైపే రొమ్ము కింద గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉందని తల్లి ఏడుస్తుంటే, అది రోగం కాదు, ఎదుగుదల మొదలైందనడానికి గుర్తు, ముందు ఒకవైపు వచ్చి వెనుక రెండోవైపు వస్తుందని నేను చెప్పేదాన్ని, అవ్వ వెంటనే ఆ తల్లి వైపు తిరిగి నీకూ అట్లనే వచ్చింది, నాకు యాదికి లేదా అని నవ్వించేది. మీసాలు మొలిచే వయసు మగపిల్లలు ఎద కాస్త పొంగితే స్నేహితులు ఏడిపిస్తారని చొక్కా విప్పకుండా స్నానం చేసేవాళ్ళు, వాళ్ళకు చాలామందికి అది దానంతటదే తగ్గిపోతుందని చెప్పడం మరో పని. పాలు గడ్డకట్టి జ్వరం వచ్చిన బాలింతలకు బిడ్డను తీసేయకండి, ఇంకా పట్టించండి అని చెప్పడం ఇంకొకటి. మా తరం ఆడవాళ్ళకు ఇవన్నీ ఎవరు చెప్పారు? పైట సర్దుకొమ్మని చెప్పినవాళ్ళే తప్ప, ఆ పైట కింద ఏముందో, ఏ వయసులో ఎట్లా మారుతుందో చెప్పిన అమ్మ ఒక్కతైనా ఉందా?

ఆ ఊపులోనే, నెలకోసారి ఎవరి రొమ్ములు వాళ్ళు ఎలా చూసుకోవాలో నేర్పాలని ఉబలాటం పుట్టింది నాకు. బొమ్మలు చూపిస్తే సిగ్గుతో తలలు వంచుకుంటారని, పాత జాకెట్టు గుడ్డలు కత్తిరించి, ఊళ్ళో పత్తినే అడిగి తెచ్చి, గుండ్రంగా చిన్న చిన్న దిండ్లు కుట్టాను. కొన్నింటిలో వట్టి పత్తి, కొన్నింటిలో లోతుగా ఒక చింతగింజ. అంగన్‌వాడీలో వాటిని పరిచి, వేళ్ళ కొసలతో కాదు, మూడు వేళ్ళ మెత్తని భాగంతో గుండ్రంగా తిప్పుతూ నొక్కి గింజ ఎందులో ఉందో చెప్పమన్నాను. ఇక చూడండి! పత్తి ఏరే చేతులాయె, పందెం పడిపోయాయి. దొరికిందని ఒకామె అరిస్తే నాకు ముందే దొరికిందని ఇంకొకామె, చంకలో పిల్లను పక్కామె ఒళ్ళో పడేసి మరీ దిండు లాక్కునే ఆమె మరొకతి. ఆ గోల చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు ఉప్పొంగుతుంది. నెలసరికి ముందు రొమ్ములు బరువుగా, గడ్డలు గడ్డలుగా తగలడం మామూలేననీ, ఉన్నట్టుండి కొత్తగా ఒకచోట గట్టిగా తగిలినా, చర్మం లోపలికి గుంజుకున్నా, చనుమొన లోపలికి పోయినా, నొప్పి లేకపోయినా సరే చూపించుకోవాలనీ చెప్పాను.

ఆ నొప్పి లేకపోయినా అన్న మాట దగ్గర అవ్వ చేయి దిండు మీద ఆగిపోయింది. అందరూ వెళ్ళేదాకా కూర్చుంది. తరువాత తలుపు దగ్గరికి వేసి, జాకెట్టు ముడి విప్పి, ఎడమవైపు చూపించింది. చింతగింజ కాదది, నిమ్మకాయంత ఉంది. పైన చర్మం కాస్త లోపలికి లాగి ఉంది. ఊరందరి ఒళ్ళూ పుట్టుక నుంచి ఎరిగిన మనిషి ఒళ్ళు చూసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరని అప్పుడు తట్టింది నాకు. పట్నంలో పెద్ద దవాఖానకు పోదామంటే ససేమిరా అంది. "నొస్తలేదు గద బిడ్డా, దీనికెందుకు దవాఖాన? నేను పోతే పోరగాండ్లకు నీళ్ళెవరు పోస్తరు?"

ఎన్ని విధాల చెప్పినా వినలేదు. ఆలస్యమైతే మనిషి దక్కదని తెలిసిన నాకు అన్నం సహించేది కాదు. ఆఖరికి ఆమెను కదిలించింది నేను కాదు, నెలలు నిండిన మా సందు కోడలు. కడుపు పట్టుకుని అవ్వ ఇంటికి వెళ్ళి గడప మీద చతికిలబడింది. "నువ్వు పోయి బాగుచేయించుకొని రాకపోతే, నా బిడ్డకు నీళ్ళే పొయ్య. మురికి పట్టి తిరుగనీ, నీ పేరు చెప్త!" అంది. అవ్వ కాసేపు గుడ్లురిమి చూసి, పకపక నవ్వి, సంచీ సర్దుకుంది.

బస్సులో కిటికీ పక్కన ఆమె, ఈ పక్కన నేను. నార్కట్‌పల్లిలో బస్సు ఆగితే రెండు చాయలు తాగి, ఇరానీ చాయ పట్నంలో ఇంతకంటే బాగుంటదా అని అడిగింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ కాగితాల మీద నుంచి తలెత్తి, గడ్డ మంచిది కాదు కానీ వేరేచోటికి పాకలేదు, తీసేద్దాం అన్నప్పుడు ఆ గదిలోనే అవ్వను కావలించుకుని ఏడ్చేశాను. ఆమె మాత్రం నా వీపు తట్టి, ఊరుకో, పిల్లలు చూస్తరు అంది. అక్కడ పిల్లలెవరూ లేరు.

ఆపరేషనయి, మందులు ఎక్కించడం పూర్తయి, తల మీద వెంట్రుకలు మళ్ళీ మొలకెత్తుతున్నప్పుడు ఆమె ఊరికి వచ్చింది. ఆ ఎడమ చేత్తో బరువులెత్తవద్దన్నారు. నీళ్ళ బిందె కూడా ఎత్తలేని ఆ మనిషికి నీళ్ళు పోయడానికి ఆమె చేతుల మీదుగా పెరిగిన ఆడవాళ్ళు వచ్చారు, ఒకరూ ఇద్దరూ కాదు, వాకిలి నిండిపోయింది. కాగు దించేవాళ్ళు కొందరు, నేను పోస్తానంటే నేనని చెంబు కోసం కొట్లాడేవాళ్ళు కొందరు. చంటిబిడ్డను చంకన వేసుకుని మా సందు కోడలు అందరికంటే ముందుంది. అవ్వ మొదట చీర కొంగు రెండు చేతులతో గట్టిగా బిగబట్టుకుంది. అప్పుడామె ఏమనుకుందో, కొంగు వదిలేసి, చదునుగా, అడ్డంగా కుట్లు మానిన ఆ చోటును మాకు చూపించింది. "సిగ్గెందుకే, చూడుండ్రి. చెయ్యి పెట్టి చూడుండ్రి. మీలో ఎవ్వలకన్న గిట్ల గింజంత తగిలినా, దాచుకోకుండ నర్సమ్మ తాన్కి పోవాలె."

ఒక్కొక్కరే చెయ్యి పెట్టారు. ఆ నెలలో నా సబ్‌సెంటర్‌కు వచ్చినంతమంది ఆడవాళ్ళు అంతకుముందు ఎన్నడూ రాలేదు. వాళ్ళలో ఎక్కువమందికి ఏమీ లేదు, ఏమీ లేదని చెప్పి పంపడంలో ఎంత ఆనందముందో అప్పుడే తెలిసింది నాకు. అవ్వ ఇంకా చాలా ఏళ్ళు బతికింది, పీట మీద కూర్చుని కుడిచెయ్యి ఊపుతూ అందరి చేతా బిడ్డలకు నీళ్ళు పోయించింది. నిరుడు వృద్ధాప్యంతో, ఏ గడ్డతోనూ కాకుండా, కన్నుమూసింది.

ఇప్పుడన్నీ బాగుపడ్డాయి, కాదనను. ఈమధ్య నేను కూడా నల్లగొండలో ఒక పరీక్షా కేంద్రానికి వెళ్ళి చూపించుకున్నాను. చేతులకు తొడుగులు వేసుకున్న చిన్నపిల్ల, చాలా నెమ్మది గలది, నేర్పు గలది, నా రెండు రొమ్ములూ, చంకలూ శ్రద్ధగా చూసి, ఏమీ లేదమ్మా అని చెప్పి, తరువాతి మనిషిని పిలిచింది. సంతోషంగా లేచి జాకెట్టు వేసుకున్నాను. నాకెంతమంది పిల్లలో, ఎవరికి ఎంతకాలం పాలిచ్చానో ఆ పిల్ల కాగితం మీద రాసుకుంది కానీ, నేను ఎవరి బిడ్డనో అడగలేదు. అడిగితే బాగుండునని బస్టాండు దాకా అనుకుంటూనే వచ్చాను.