అడిగి పాడే బుచ్చిరాములు

బుచ్చిరాములు అడగనిదే ఏ పనీ చేయడు. పక్కవాళ్ల చేను గట్టు మీద నడవాలంటే వాళ్లను అడుగుతాడు; వాళ్లు లేకపోతే వాళ్ల బర్రెను అడుగుతాడు. తన ఊరి స్టేజీ వచ్చినా "దిగుదునా బిడ్డా?" అని కండక్టరును అడుగుతాడు. పెళ్లినాడు పుస్తె చేతికి రాగానే "కట్టుదునా?" అని పెళ్లికూతురు పోశవ్వను అడిగాడట. అయ్యగారు మంత్రం ఆపేశాడు. "జల్ది కట్టు, కాళ్లు గుంజుతున్నయ్" అన్నదట పోశవ్వ.

ఇలాంటి మనిషికి పేరడీలు కట్టే విద్య అబ్బింది. పాట కట్టినవాళ్లు సరేననందే పేరడీ పాడడు. ఒకసారి పట్నం వెళ్లి ఒక సినిమా కవి ఇంటి గేటు ముందు పొద్దంతా నిలబడ్డాడు. కవి బయటికి రాలేదు. ఆ పేరడీ కూడా ఇప్పటిదాకా బయటికి రాలేదు.

ఈ అలవాటు అంతయ్య మెడకు చుట్టుకుంది. అంతయ్య బుచ్చిరాములుకు చిన్ననాటి దోస్తు. బెల్లంపల్లి దగ్గరి ఆ ఊరికి బస్సు తెచ్చింది ఆయనే, బోరు వేయించింది ఆయనే, ఊరి బడిలో ఏడో తరగతి మొదట పాసైందీ ఆయనే. ఎవరూ అడగకపోయినా ఈ సంగతి ఆయనే చెబుతాడు. అలాంటి అంతయ్యకు ఆదివారం ఊరు సన్మానం పెట్టింది. ఆయన ఘనకార్యాల మీద బుచ్చిరాములు పేరడీ సిద్ధం చేశాడు, ఫోన్లలోనూ డీజేల్లోనూ మోగిపోతున్న "మబ్బు మబ్బు ఏడ వోతివే" అనే నాటు పాట మీద.

"పాడు మరి" అన్నాడు అంతయ్య.

"అడగలే గద."

ఆ పాట పాడిన పిల్ల నవ్యశ్రీ నంబరు సంపాదించి బుచ్చిరాములు ఫోను చేశాడు. "అది మా అమ్మమ్మ శంకరవ్వ కట్టిన పాట తాతా. ఆమె తరఫున నేనే చెప్తున్న, పాడుకో" అన్నది ఆ పిల్ల.

"అయిపాయె!" అంతయ్య చప్పట్లు కొట్టాడు.

"కట్టింది ఆమె. నువ్వెట్ల ఇస్తవ్ బిడ్డా?" అని బుచ్చిరాములు ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచి, చాలాసేపు మాట్లాడి వచ్చాడు. "జైనూర్ దిక్కట ఊరు. పొద్దుగాల పోదం."

"సన్మానం ఎల్లుండి పెట్టుకుని గుట్టలెక్కుడేందిరా? మబ్బుల మీద ఎవనికి పట్టా ఉన్నది?"

"మబ్బుల మీద లేదు. పాట మీద ఉన్నది."

పాట లేని సన్మానం ఉప్పులేని కూర అనుకుని అంతయ్య కూడా బయలుదేరాడు. సంచిలో కొబ్బరికాయ, ఆకులు, వక్కలు. రెండు బస్సులు మారారు. రెండింట్లోనూ కూర్చునే ముందు బుచ్చిరాములు పక్కవాళ్లను అడిగాడు.

ఊళ్లో దిగాక అసలు బాధ మొదలైంది. మొదటి ఇంటి ముందు ఆగి, డప్పు చాటింపు వేసినంత గట్టిగా అడిగాడు: "అవ్వా, మబ్బు పాట కట్టిన శంకరవ్వ ఇల్లేది?"

"శంకరవ్వ ఇల్లు గదే. పాట ఆమె కట్టిందా? ఉత్తగ చెప్పుకుంటది!"

చూపించిన ఇంటి అరుగు మీదే శంకరవ్వ పత్తి ఏరుతూ కనిపిస్తోంది. బుచ్చిరాములు ఆ ఇల్లు దాటేసి రెండో గుమ్మం ముందు అడిగాడు. మూడో గుమ్మం ముందు అడిగాడు. కిరాణా కొట్టులో అడిగాడు.

"అరే, కండ్ల ముందటనే ఉన్నది గదరా!" అంతయ్య తల పట్టుకున్నాడు.

వాడకట్టంతా వెనకాలే వచ్చింది. అప్పుడు బుచ్చిరాములు ఆకులు, వక్కలు, కొబ్బరికాయ శంకరవ్వ ముందు పెట్టి చేతులు జోడించాడు. "అక్కా, నువ్వు కట్టిన పాట మీద పేరడీ చేసిన. నువ్వు సరేనంటే పాడుత, లేకుంటే లేదు."

శంకరవ్వ పత్తి వదిలేసింది. "ఊరూరా మోగబట్టె తమ్మీ. ఒక్కలన్న అడగలే." గొంతు సవరించుకుంది. "పాడు, నేను జర ఇంట."

"బస్సు బస్సు ఎట్ల వస్తివే, అంతయ్య తెచ్చె. బోరు బోరు ఎట్ల వడ్తివే, అంతయ్య ఏపిచ్చె..."

శంకరవ్వ అంతయ్యను కిందికీ మీదికీ చూసింది. "గియన్ని నువ్వే చేస్తే, మీ ఊరోళ్లేం చేసిండ్రయ్యా?"

వాడకట్టు గొల్లున నవ్వింది. అంతయ్య బుచ్చిరాములు వెనక్కి జరిగాడు. "పాడుకో తమ్మీ" అని ముసలామె తన పాటే ఎత్తుకుంది. ఉత్తగ చెప్పుకుంటదన్న ఆడమనిషే ముందుగా వంత అందుకుంది.

తిరుగు బస్సులో అంతయ్యకు అనుమానం వచ్చింది. "ఇల్లు నీకు ముందుగాలనే ఎర్కనా?"

"నీలం తలుపు అని నవ్యశ్రీ చెప్పింది. పాట నాదంటే వాడకట్టోళ్లు నవ్వుతుండ్రని, అవ్వ పాడుడే బంజేసిందని గూడ చెప్పింది."

"మరి ఇంటింటికి ఎందుకడిగినవ్?"

"నాకెర్కనే. పాట ఎవరిదో గాళ్లకు ఎర్క లేదు గద."

ఆదివారం అంతయ్యకు శాలువా కప్పారు. బుచ్చిరాములు మైకు పట్టుకుని "పాడుదునా?" అని ఆయన వైపు చూశాడు.

"నన్నెందుకు అడుగుతవ్? గామెను అడుగు" అన్నాడు అంతయ్య. పిలిపిస్తే వచ్చి ముందు వరసలో కూర్చున్న శంకరవ్వ దగ్గరికి దిగిపోయి, తన శాలువా ఆమెకు కప్పాడు.

ఇప్పుడు అంతయ్య ఘనకార్యాల్లో ఒకటి పెరిగింది: బస్సు తెచ్చిన, బోరు ఏపిచ్చిన, శంకరవ్వ పాట శంకరవ్వదని లోకానికి చెప్పిన. నిజమేనా అని ఎవరైనా బుచ్చిరాములును అడిగితే, ఆయన అంతయ్య వైపు తిరిగి "చెప్పుదునా?" అని అడుగుతాడు.