బోణీ అడిగిన గొంతు

ఇన్నాళ్లూ ఇది రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు. నా ఈడు పిల్లలు పలకలు పట్టుకునే వేళకు నేను అమ్మ వెనకాల హార్బరుకు పోయేదాన్ని. యాభై దాటాక, మా పేటలో సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెబుతున్నారంటే వెళ్లి కూర్చున్నాను. చదవడం ముందు వచ్చింది, నిదానంగా. రాయడం ఈ మధ్యే కుదిరింది. గంప దించి వచ్చాక వేళ్లు పెన్నును సరిగా పట్టవు. నాలుగు వరుసలు రాసేసరికి అలసట వస్తుంది.

నేను కోరుకున్నది ఒక పాత ఫ్రీజరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని కొండవాలు వీధులు ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లెక్కేటప్పుడు కుడి మోకాలు పట్టేస్తుంది. గుమ్మం పక్కన ఫ్రీజరు ఉంటే కూర్చుని అమ్ముకోవచ్చు. తిరుగుడు ఆగుతుంది. అంతకు మించి ఆశ లేదు.

మా కోడలు ద్వారకా నగర్‌లో బట్టల షాపులో పనిచేస్తుంది. ఫోన్లో పాత సామాన్లు అమ్ముకునే గ్రూపులో నన్ను తనే చేర్పించింది. అందులో తెల్లటి ఫ్రీజరు ఫోటో ఒకటి కనబడింది. అది నాకు కావాలంటూ వాయిస్ మెసేజ్ పెట్టాను. అటునుంచీ వాయిసే వచ్చింది.

“పిన్నీ, ఆనందపురంలో మా కూల్‌డ్రింకుల కొట్టు తీసేత్తన్నాం. ఫ్రీజరు కొత్తదానిలాగుంది. కళ్లు మూసుకొని తీస్కో.”

అచ్చం మా వైపు మాట. అక్షరాలు రానన్నాళ్లూ నేను మనుషుల్ని గొంతుబట్టే పోల్చుకున్నాను. ఆ అలవాటు ఇంకా పోలేదు.

కోడలికి వినిపించాను. “సూడకుండా ఒక్క రూపాయి ఎయ్యకత్తా. వీడియో కాల్ సేసి, ప్లగ్గెట్టి సూపించమను” అంది.

అడిగాను. ఇక్కడ సిగ్నల్ లేదు పిన్నీ అన్నాడు.

“వాయిసులు పంపడానికి వొచ్చిన సిగ్నలు, మొహం సూపించడానికి రాదేటి?” అంది కోడలు. “ఆదివారం సెలవెట్టుకుంటాను, ఇద్దరం ఎల్దుం. అందాకా ఆ ఫోను ముట్టుకోకు.”

“ముట్టుకోపోతే నువ్వు ఫోన్ సేసినప్పుడు ఎత్తేదెలగే?” అన్నాను. నవ్వి పనికి వెళ్లిపోయింది.

ఆదివారం ఇంకా రాకముందే, ఒక పొద్దున్న గంపలో ఐసు సర్దుతుంటే మళ్లీ ఆ గొంతు వచ్చింది.

“పిన్నీ, ఇయ్యాల నాకింకా బోణీ అవ్వలేదు. నీ సేత్తో బోణీ సెయ్యి. కొంచెమే అడ్వాన్సు, మిగతాది నువ్వొచ్చి సూసుకున్నాకే. బోణీ బేరం కాదనకు.”

చేపలమ్మినవాళ్లకు తప్ప ఆ మాట బరువు తెలియదు. పొద్దున్నే మొదటి బేరం తిరిగిపోతే ఆ రోజంతా తిరిగిపోతుందని మా అత్త చెప్పేది. బోణీ కోసం నష్టానికి ఇచ్చిన రోజులున్నాయి. చేపను తిప్పి చూసి వెనకాడే వాళ్లతో “బోణీ అమ్మా, కాదనకండి” అని నేనూ అంటాను. ఆ మాటకు దిగిరాని మనిషి అరుదు. అటువంటిది నన్నే ఒకడు అడిగితే కాదని ఎలా అంటాను? చెయ్యి తుడుచుకుని, ఫోను తీసి డబ్బు పంపాను.

మధ్యాహ్నం, ఫ్రీజరు పంపడానికి ఆటో బాడుగ కావాలన్నాడు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అయినా పంపాను. రెండోసారి పంపింది నమ్మి కాదు, మొదటిది పోతుందేమోనన్న భయంతో. ఆ తర్వాత ఆ గొంతు మళ్లీ రాలేదు.

ఆదివారం పొద్దున్న కోడలికి జరిగింది చెప్పాను. ఇద్దరం బస్సెక్కి ఆనందపురం వెళ్లాం. కొట్టు జంక్షన్ దగ్గర టైర్ల షాపు పక్కనేనని వాడు ముందే చెప్పాడు. టైర్ల షాపు ఉంది, పక్కన ఖాళీ స్థలం ఉంది.

“కూల్‌డ్రింకుల కొట్టా? ఇక్కడ ఎప్పుడూ లేదమ్మా” అన్నాడు షాపాయన. “మొన్నొకాయన వొచ్చి ఇక్కడే వాషింగ్ మిషన్ అడిగాడు. ఇంకొన్నాళ్లు పోతే నాను టైర్లు మానేసి మీ అందరికీ దారి సెప్పుకుంటూ కూకోవాల.”

తిరుగు బస్సులో కోడలు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

“తిట్టెయ్యే, అయిపోద్ది” అన్నాను.

“తిడితే ఫ్రీజరొస్తాదేటి?” అంది. కాసేపటికి నా మోకాలి మీద చెయ్యి వేసింది. అలాగే ఉంచింది.

దిగి పోలీసు స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం. పంపిన రోజే చెప్పి ఉంటే డబ్బు ఆపడానికి వీలుండేదేమో అన్నారు. వాళ్లు విసుక్కోలేదు, నా మీద నాకే విసుగొచ్చింది.

ఆ సాయంత్రం గ్రూపులో పెట్టడానికి వాయిస్ నొక్కబోయి ఆగాను. ఒక్కో అక్షరం వెతుక్కుని రాశాను. “ఆనందపురం ఫ్రీజరు ఉత్తిది. నా డబ్బు పోయింది. వస్తువు చూడకుండా అడ్వాన్సు పంపకండి. వీడియోలో చూపించమంటే సాకులు చెప్పేవాడికి అసలు పంపకండి. పంపేశారా, ఆ రోజే పోలీసులకు చెప్పండి. నాలాగ ఆదివారం దాకా ఆగకండి.” నేను నలుగురి కోసం రాసిన మొదటి మాటలు అవే. ఇద్దరు దండం బొమ్మలు పెట్టారు. ఒకావిడ, “ఫ్రీజరు ఎంతకిస్తారండీ?” అని అడిగింది.

కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, నవ్వే ఓపిక లేదు.

మర్నాడు పొద్దున్న మోకాలికి మందు రాసుకుని, గుడ్డ చుట్టి, హార్బరుకు వెళ్లాను. కానాగంత చేపలు కొనుక్కుని గంప ఎత్తుకున్నాను. మొదటి వీధిలోనే ఒకావిడ పిలిచింది. గంప దించాను. రెండు చేపలు అటూ ఇటూ తిప్పి, తేల్చుకోలేక నా మొహం వంక చూసింది.

బోణీ అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

“మొప్ప ఎత్తి సూడండమ్మా. నచ్చితేనే తీస్కోండి” అన్నాను.

ఎత్తి చూసింది. ఇంకో రోజు తీసుకుంటానని లోపలికి వెళ్లిపోయింది. చేపలు మంచివే. నేను వెనక్కి పిలవలేదు. మెట్టు మీద కాసేపు కూర్చుని, గోడ పట్టుకుని లేచి, గంప నెత్తికెత్తుకుని పై వీధికి ఎక్కాను.