అద్దాల గోడౌనులో నా నాలుక

1990 ఆగస్టు నెల, గురువారం ఉదయం. దజీజ్‌లో మా గోడౌను షట్టరు ఎత్తుదామని వెళ్తే వీధి మలుపులో ఒక ట్యాంకు నిలబడి ఉంది. కువైట్‌ను ఇరాక్ ఆక్రమించిందని అప్పటికి నాకు తెలియదు. వెనక్కి తిరిగి అబ్బాసియాలోని గదికి ఎలా వచ్చి పడ్డానో దేవుడికే ఎరుక. నోరు పిడచగట్టుకుపోయింది. చెంబుడు నీళ్లు తాగాను. నీళ్లు దిగాయి గానీ, నాలుక మొదట్లో ఏదో అడ్డం పడ్డట్టు ఉండిపోయింది. గుటక వేసిన కొద్దీ అది ఉన్నట్టే తోచింది.

ఆ సాయంత్రం అందరూ రేడియోల చుట్టూ చేరి యుద్ధం వస్తుందా, మన గతేమిటి అని మాట్లాడుకుంటున్నారు. నేను ఒక మూల కూర్చుని గుటకలు వేస్తున్నాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు.

నా పేరు సత్తిబాబు. మాది కోనసీమ. అద్దాలు, గాజు పలకలు అమ్మే కంపెనీలో స్టోరు కీపరుగా పనిచేసేవాణ్ని. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన కువైటీ యజమాని, వేసవికని కుటుంబంతో విదేశం వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. గదిలో నాతో పాటు ఓబులేసన్న ఉండేవాడు. రాజంపేట వైపు మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటివాళ్లు సౌదీకి వెళ్లిపోవడంతో పని లేక గదికి వచ్చేశాడు. ఆయనకు కొడుకు పుట్టినట్టు అంతకు కొద్ది రోజుల ముందే ఉత్తరం వచ్చింది. ఆ పిల్లాణ్ని ఎప్పుడు ఎత్తుకుంటానా అన్నదే ఆయన ధ్యాస.

నా భయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మా పెదనాన్న చుట్టలు కాల్చేవాడు. నోటి క్యాన్సర్‌తో పోయాడు. చివర్లో ముక్కు గొట్టంలోంచి పాలు పోసింది నేనే. ఆయన నోరు తెరిచినప్పుడు నేను చూసినది ఇక్కడ రాయలేను. నేను ఏనాడూ చుట్ట ముట్టలేదు. అయినా నోట్లో ఏ చిన్న పొక్కు లేచినా పెదనాన్నే గుర్తొచ్చేవాడు.

మా వైపు పొద్దున్నే పళ్లు తోమాక కొబ్బరి ఈనెను చీల్చి, విల్లులా వంచి, నాలుక గీసుకోవడం అలవాటు. పెరట్లో మొగవాళ్లు హాక్ హాక్ అంటుంటే కాకులు లేచిపోవాల్సిందే. గీసుకోకపోతే తెల్లారినట్టే ఉండదు. ఊరి నుంచి తెచ్చుకున్న ఈనెల కట్ట అయిపోతే కువైట్‌లో రోడ్ల పక్కనుండే ఖర్జూరపాకు ఈనెలు వాడేవాణ్ని. అవి కొబ్బరి ఈనెల్లా మెత్తగా వంగవు, కోసుకుంటాయి.

మర్నాడు పొద్దున నాలుక బాగా బయటికి చాపి గీస్తుంటే, అద్దంలో మొదటిసారి కనబడ్డాయి. నాలుక మొదట్లో, గొంతుకు దగ్గరగా, ఎర్రటి బొడిపెలు. వరసగా, పెసరగింజలంత. అవి ఎప్పటినుంచో ఉన్నవేనని నాకు తట్టలేదు. పాచి పేరుకుపోయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుని, ఈనెతో లోపలిదాకా గీశాను. పోలేదు. సాయంత్రం మళ్లీ గీశాను. రక్తం వచ్చింది. పెదనాన్నకూ మొదట రక్తమే వచ్చింది.

ఇక అద్దాల గోడౌను తాళాలు నా చేతిలోనే ఉన్నాయి కదా, కాపలా పేరుతో రోజూ వెళ్లేవాణ్ని. నిలువెత్తు అద్దాలు, గుండ్రటి అద్దాలు, బాత్రూము అద్దాలు. పై కిటికీలోంచి ఎండ పడే చోట ఒక అద్దం ఆనించుకుని, చేతిలో మరో చిన్న అద్దం పట్టుకుని నోరు తెరిచేవాణ్ని. ఒకరోజు సైనికులు వచ్చి ఆఫీసు గదిలో ఏసీ, కుర్చీలు పట్టుకుపోయారు. పగిలిపోతాయని కాబోలు అద్దాలను ముట్టుకోలేదు. నేను సంతోషించాను. నా మనసు ఎంత దూరం పోయిందో ఈ ఒక్క మాటను బట్టి మీరే అర్థం చేసుకోవచ్చు.

ఇంకో రోజు నేను నాలుక చాపి నిలబడి ఉండగా వెనక బూట్ల చప్పుడైంది. మీసం నెరిసిన సైనికుడొకడు, భుజాన తుపాకీ. అద్దంలోంచే నన్ను చూస్తున్నాడు. నోరు మూయడానికి కూడా నాకు చేతకాలేదు.

"దక్తూర్?" అని అడిగాడు.

"లా, లా" అన్నాను, డాక్టర్ని కాదని.

అయినా అతను తుపాకీ గోడకు ఆనించి, నా పక్కన అద్దం ముందు నిలబడి నోరు తెరిచి, పుచ్చిన దవడపన్ను చూపించాడు. నా జేబులో లవంగాలున్నాయి. ఒకటి ఇచ్చి, పన్ను కింద పెట్టుకోమని సైగ చేశాను. పెట్టుకుని, కాసేపటికి తల ఊపి, ఏమీ ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. అతని నొప్పికి మందు నా జేబులో ఉంది. నా భయానికి మందు ఎక్కడా కనబడలేదు.

రోజులు గడిచే కొద్దీ నాలుక వాచింది. పటిక నీళ్లు పుక్కిలించాను. పసుపు అద్దాను. బొడిపెలను అరగదీస్తే పోతాయని ఈనె మానలేదు. కారం తగిలితే ప్రాణం పోయేది. వట్టి మజ్జిగన్నం మింగుతూ చిక్కి సగమయ్యాను. ఓబులేసన్న అది చూసి వంట చప్పగా చేసేవాడు. రోజుకు ఎన్నిసార్లు ఆయన ముందు నోరు తెరిచానో లెక్కలేదు.

"ఒక్కసారి సూడన్నా. నిన్నటి మీద పెద్దయినాయా?"

"నిన్న యెంత ఉన్న్యాయో నాకేం గుర్తురా అబ్బీ. అట్లనే ఉండాయిలే."

"సరిగ్గా సూసి సెప్పన్నా."

"చూస్తి గదరా. యెన్నిసార్లు చూడాల? అది నాలికేగానీ సినిమా కాదు."

ఆయన "ఏం లేదులే" అన్నప్పుడు మనసు చల్లబడేది. చేతులు కడుక్కుని వచ్చేలోపే మళ్లీ మొదలు. చీకట్లో చూశాడేమో, నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అబద్ధం చెప్పాడేమో అని. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

ఆ వేళకు మనవాళ్లు బస్సుల్లో బయల్దేరుతున్నారు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే, అమ్మాన్ నుంచి విమానాలు బొంబాయి తీసుకెళ్తున్నాయని కబురు. నేను కదలనన్నాను. దారిలో డాక్టరు ఉండడు, ఇక్కడే బయాప్సీ చేయించుకుని ఏ సంగతో తెలుసుకునే వస్తానన్నాను. ఓబులేసన్నకు ఒక బస్సులో చోటు దొరికింది. వదిలేసుకున్నాడు.

"నువ్వెళ్లన్నా. నీ కొడుకుని సూసుకో."

"నిన్ను ఈడ ఇడిచిపెట్టి పోతే మీ ఇంటామెకు నేనేం జెప్పాల? పా, ఆ డాక్టరు దగ్గరికే పోదాం పా. ఖలాస్ చేసుకుందాం."

చెక్‌పోస్టులు దాటుకుంటూ పెద్దాసుపత్రికి వెళ్లాం. సగం మంది స్టాఫు లేరు. పాలస్తీనా డాక్టరొకాయన, మలయాళీ నర్సొకామె ఉన్నారు. డాక్టరు టార్చి వేసి, నాలుకను గాజుగుడ్డతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. మెడ కింద తడిమాడు. గ్లాండ్స్ వాపు లేదన్నాడు. తర్వాత చేసిన పని నేనెన్నడూ మరచిపోను.

"సిస్టర్, కొంచెం నోరు తెరువు" అన్నాడు నర్సుతో. ఆమె నవ్వాపుకుని నాలుక చాపింది. టార్చి వేసి నన్ను చూడమన్నాడు. అవే బొడిపెలు, అదే వరస. తర్వాత తనే వంగి తన నాలుక చూపించాడు. అక్కడా అవే.

"పాపిల్లే అంటారు, రుచి తెలిపే బొడిపెలు. ప్రతి మనిషికీ ఉంటాయి. నార్మల్. ఈ అల్సర్లు మాత్రం నార్మల్ కాదు. దేనితో గీస్తున్నావు?"

జేబులోంచి ఖర్జూరపు ఈనె తీసి చూపించాను. ఆయన దాన్ని తీసుకుని చెత్తబుట్టలో పడేశాడు. ఇక గీయకు, ఉప్పునీళ్లు పుక్కిలించు, చాలన్నాడు.

నాకు ఊపిరి ఆడింది. తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాను. ఆవిడ బొడిపెలు నా వాటంత ఎర్రగా లేవనిపించింది. బయాప్సీ చేయమని అడిగాను.

డాక్టరు కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. "నాకేం అనుమానం లేదు. అయినా కోయమంటే కోస్తాను. దాన్ని స్లైడు మీద చూసి చెప్పే పాథాలజిస్టు లేడు, ల్యాబు లేదు. నువ్వు తెలుసుకోకుండానే వెళ్లాలి. వచ్చే నెల నా పిల్లలు ఎక్కడుంటారో నాకూ తెలియదు. ఇవాళ ఇక్కడ అంతా తెలిసి బతుకుతున్నవాడు ఎవడూ లేడు. నీ స్నేహితుణ్ని తీసుకుని వెళ్లు."

ఓబులేసన్న గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీషు సరిగ్గా రాదు. డాక్టరు ఏమన్నాడో అడగలేదు, నేనేమంటానో అని మాత్రం ఎదురుచూస్తున్నాడు. ఆ ముఖం చూశాక నాకు ఏడుపొచ్చింది.

"పోదాం పదన్నా" అన్నాను.

భయం తగ్గి బస్సెక్కలేదు, భయంతోనే ఎక్కాను. దారి పొడుగునా గుటకలు వేస్తూనే ఉన్నాను.

జోర్డాన్ సరిహద్దులో ఎడారిలో గుడారాలు. దుమ్ము, ఎండ, నీళ్లకు వరసలు. తాగడానికే నీళ్లు చాలనప్పుడు నాలుక గీసుకునేదెక్కడ? ఈనెలూ లేవు, అద్దమూ లేదు. అక్కడ చాలా రోజులే ఉన్నాం. ఒక మధ్యాహ్నం రొట్టెతో పాటు టమాటాలు ఇచ్చారు. తింటున్నాను. ఓబులేసన్న నన్నే చూస్తున్నాడు.

"మండలేదారా అబ్బీ?"

"ఏంటన్నా?"

"ఉప్పేసుకోని మరీ తింటాండావు టమాటా."

అప్పుడు తెలిసింది, పుండ్లు మానిపోయాయని. నేను ముట్టుకోకుండా ఉంటే చాలు, వాటంతటవే మానిపోయాయి. ఆ రోజంతా ఎగిరి గంతేసినంత పని చేశాను.

జబ్బు అక్కడితో పోయిందనుకుంటే పొరపాటే. అమ్మాన్‌లో విమానం కోసం కూర్చున్నప్పుడు నాలుక కొన అంగిలికి తగిలింది. నడిమధ్యలో గట్టిగా ఒక గడ్డ. నాలుక మీదిది లోపలికి పాకిందని తేల్చేసుకున్నాను. బొంబాయిలో ఓబులేసన్న కడప రైలెక్కుతూ నా భుజం పట్టుకుని, "ఇంటికి పోయినాక ఎవురికన్నా మంచి డాక్టరుకు చూపీరా. నోరు కాదు, మనసు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా ప్రాణం పోతుంటే వెటకారమా అనుకున్నాను.

కాకినాడలో ఈఎన్‌టీ డాక్టరు చూసి, అది ఎముకే, టోరస్ అంటారు, చాలామందికి ఉంటుందన్నాడు. నమ్మక రాజమండ్రి వెళ్లాను. అక్కడా అదే మాట. మళ్లీ కాకినాడ వెళ్తే ఆ ఈఎన్‌టీ డాక్టరే సైకియాట్రీకి రాసిచ్చాడు. మా బావమరిది "మా బావకి పిచ్చంటారా?" అని ఎగిరాడు. నా భార్య లక్ష్మి మాత్రం, "పిచ్చో ఇంకోటో, ముందు ఈ మనిషి అన్నం తినాలి" అని నన్ను లాక్కెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ నోరు తెరవమనలేదు. "మీరు నోరు చూసుకోని రోజులు ఎప్పుడైనా ఉన్నాయా?" అని అడిగింది. ఎడారి గుడారాల సంగతి చెప్పాను.

"అప్పుడు పుండ్లు?"

"మానినాయండి."

ఆ మాట అన్నాక నేనే ఆలోచనలో పడ్డాను. అప్పుడు ఆమె చెప్పింది. "మీరు నటించడం లేదు. మీ భయం నిజం, క్యాన్సర్ మాత్రం నిజం కాదు. ఇది యాంగ్జయిటీ. మీరు చూసుకున్నప్పుడల్లా దానికి మేత వేస్తున్నారు."

కొన్ని నెలలు మాత్రలు వాడాను. వాటికన్నా కష్టమైనది ఆమె పెట్టిన నియమం. అద్దం గడ్డం గీసుకోవడానికే. చూసుకోవాలనిపిస్తే ముందు ఏదో ఒక పని పూర్తి చేయాలి. ఇంట్లోవాళ్లను చూడమని అడగకూడదు, అడిగినా వాళ్లు చూడకూడదు. మొదటి వారం లక్ష్మి కాళ్లావేళ్లా పడ్డాను.

"ఒక్కసారి సూడవే."

"సూడనండి. డాక్టరమ్మ వద్దన్నారు. కొబ్బరికాయలు వలవాలి, రండి."

ఎంత కర్కోటకురాలు అనుకున్నాను. కాయలు వలుస్తుంటే భయం ముందు పెరిగి, తర్వాత దానంతటదే జారిపోయేది. ఒక్కరోజులో కాదు. మధ్యలో ఊళ్లో ఒకాయన గొంతు క్యాన్సర్‌తో పోతే మళ్లీ నెల రోజులు అద్దానికి అతుక్కుపోయాను. మళ్లీ మొదటి నుంచి. కానీ రెండోసారి దారి తెలుసు.

కువైట్ విముక్తి తర్వాత తిరిగి వెళ్లి చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను. పళ్లు సగం ఊడి సెట్టు పెట్టించుకున్నాను. నిరుడు ఆ సెట్టు ఒరుసుకుని చిగురు మీద పుండు లేచింది. పాత భయం తలుపు దగ్గరికొచ్చి నిలబడింది, కాదనను. రెండు వారాలు చూశాను, మానలేదు. అమలాపురంలో డెంటిస్టు దగ్గరికి వెళ్లాను. సెట్టు అంచు అరగదీసి, పది రోజుల్లో మానకపోతే రమ్మన్నాడు. మానింది.

ఓబులేసన్న ఫోన్ చేశాడు. అప్పటి పసివాడు ఇప్పుడు ఆయన్ని డాక్టర్ల దగ్గరికి తిప్పుతున్నాడట.

"డాక్టరు యేమన్న్యాడురా అబ్బీ?"

"సెట్టు ఒరుసుకుందన్నా. అంతే."

"ఇంగో డాక్టరుకు గూడా చూపిచ్చినావా?"

"లేదన్నా."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

ఇది చదివేవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటారు. నోట్లో పుండు గానీ మచ్చ గానీ గడ్డ గానీ రెండు వారాలు దాటినా పోకపోతే తప్పకుండా డాక్టరుకు చూపించండి, బద్ధకించకండి. ఏమీ లేదన్నారా, ఇంటికి వచ్చి అన్నం తినండి. అన్నం సహించక మళ్లీ అద్దం దగ్గరికే కాళ్లు లాగుతుంటే, సిగ్గుపడకుండా దానికీ డాక్టర్ని అడగండి. నేను ఆ రెండో డాక్టరు తలుపు తట్టబట్టే ఇన్నేళ్లూ నోటితో అన్నం తిన్నాను, మాట్లాడాను, మనవళ్లను ముద్దాడాను.