మోటారు వాటా

"...ఆ ధరకిస్తే నా మనుషులు నన్నే వలలో చుట్టి సముద్రంలో పడేస్తారు!" అని పడవ అంచున నిలబడి అరిచాడు ఫీఫీ.

"పడెయ్యనీ. ఈ చేపలకన్నా నువ్వే ఎక్కువ పలుకుతావేమో చూస్తా," అంది ఒడ్డు మీదున్న అతని పెళ్లాం అరాబా.

బేరానికొచ్చిన ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. మోరీ అనే ఆ ఊరి తీరంలో మగవాడు పట్టిన చేప మగవాడిదే. పెళ్లామైనా సరే డబ్బిచ్చి కొనాలి. కొన్నాక పొగబెట్టి అమ్ముకుంటే వచ్చే లాభం మాత్రం పూర్తిగా ఆమెది. చివరికి ధర కుదిరింది. ఇద్దరూ నష్టపోయామనే అన్నారు.

పెళ్లినాటికి అరాబాకున్నవి ఒక బేసినూ, చేపలకి పొగబెట్టడానికి పక్కింటివాళ్లు వాడుకోనిచ్చిన పొయ్యీ. ఇప్పుడు సొంతానివి రెండు పొయ్యిలు. అప్పుకి వెళ్లినప్పుడు బ్యాంకువాళ్లు ఇంటి కాగితాలడిగితే నవ్వి వచ్చేసింది. తన వీధి ఆడవాళ్లు వేసుకునే చీటీయే ఆమెకి బ్యాంకు. ఈ వారం చీటీ ఆమె చేతికొస్తుంది. దాంతో మూడో పొయ్యి కట్టి, వానకి పని ఆగకుండా పైన రేకులు వేయించాలని ఏడాదిగా అనుకుంటోంది.

బేసిన్లు నింపుతుంటే ఫీఫీ పక్కన చేరాడు.

"చీటీ డబ్బు నాకు అప్పివ్వవే, మోటారు కొనుక్కుంటా. ఆ అద్దె మోటారాయన వాటా ముందే పట్టుకుపోతున్నాడు. మాకు మిగిలేది ఉప్పునీళ్లే."

"పోయినేడు వలకిచ్చిన అప్పు చేపల్లో తీర్చావు. ఆ చేపలకి ధర కట్టిందీ నువ్వే."

"తీరిపోయిందిగా!"

"నీకు తీరింది."

ఫీఫీ తల గోక్కుంటూ నవ్వేశాడు. అరాబాకీ నవ్వొచ్చింది కానీ బయటపడలేదు.

పడవ వెనక బిగించిన మోటారు వంక చూసింది. పట్టిన చేపల్లో పడవకో వాటా, వలకో వాటా, మోటారుకో వాటా. ఆ మోటారు సొంతదారు పట్నంలో ఉంటాడు, ఏనాడూ కాళ్లు తడుపుకోలేదు. పోయినవారం అతను దాన్ని వేరే పడవకిస్తే, ఇక్కడ ఆమె రెండు పొయ్యిలూ చల్లగా పడున్నాయి. చేపే రాకపోతే మూడో పొయ్యి మాత్రం ఏం చేసుకోను అనుకుంది.

బేసిను దించి, వల దులుపుతున్న పడవవాళ్లని పిలిచింది.

"ఇటు వినండయ్యా! శనివారం ఆ అద్దె మోటారు తిరిగిచ్చేయండి. ఫీఫీకి అప్పివ్వడం లేదు. చీటీ డబ్బుతో మోటారు నేనే కొంటున్నా, నా పేరు మీద. ఇకనుంచి మోటారు వాటా నాకు పంచండి."