పేలకపోయినా కాల్చినట్టే

2022. ఐర్లండ్‌లో అత్లోన్ అనే ఊరి దగ్గర ఒక చిన్న మ్యూజియంలో లోహపు వస్తువుల కన్సర్వేటర్‌గా పనిచేస్తున్నాను. తుప్పు ఆపడం, విరిగినదాన్ని నిలబెట్టడం, వస్తువు గురించి తెలిసినంత వరకే రాయడం నా పని. ఈ మూడోదానితోనే అందరికీ నా మీద కోపం. గుంటూరు మనిషిని, ఊరికే తలూపడం నాకు చేతకాదు.

ఆ ఏడాది ద్వంద్వయుద్ధాల మీద ప్రదర్శన పెట్టాం. ఒకప్పుడు ఇక్కడి పెద్దింటి మగాళ్లు మాటామాటా వస్తే పొద్దున్నే ఏ పొలంలోనో ఎదురెదురుగా నిలబడి పిస్టళ్లతో కాల్చుకునేవారు. నోరా అనే పెద్దావిడ తన ఇంట్లో తరతరాలుగా పెట్టెలో ఉన్న పిస్టల్ తెచ్చిచ్చింది. ఆమె ముత్తాత తండ్రి దాన్ని పట్టుకుని పక్క ఎస్టేటు దొరకు ఎదురు నిలిచాడు. దొర గుండు ఈయన భుజంలో దిగింది. ఈయన పిస్టల్ మాత్రం పేలలేదు. భయపడి గుండే వేసుకోలేదని ఊరు కథ అల్లింది. ఆ ఇంటివాళ్లను పబ్‌లో ఇప్పటికీ 'కాల్చనోళ్లు' అంటారు.

"మా నాన్న ఆ మాట పడుతూనే పోయాడు. నేనూ పడుతూనే పోవాలా? ఆయన వీరుడని రాయమ్మాయ్," అంది నోరా.

"చూడకుండా ఏమీ రాయనండీ," అన్నాను.

ప్రదర్శన చూసుకునే మేనేజర్ డెక్లన్ అప్పటికే కార్డు రాసేశాడు: 'గురి తప్పని పిస్టల్, గుండె చాలని మనిషి.' చదవగానే నాకు ఒళ్లు మండింది.

అది ఫ్లింట్‌లాక్, అంటే చెకుముకి రాయితో పేలే తుపాకీ. ట్రిగ్గర్ నొక్కితే రాయి ఉక్కు పలకను గీరుతుంది. నిప్పురవ్వలు ప్యాన్ అనే చిన్న గిన్నెలోని మందు మీద పడతాయి. ఆ మంట టచ్ హోల్ అనే సన్నటి రంధ్రం గుండా గొట్టంలోకి పోతేనే గుండు బయటికొస్తుంది. మంచి పనివాడు చేసినదైతే, వాళ్లు నిలబడే కొద్ది దూరానికి దాని గురి చాలు. నమ్మలేనిది పేలడాన్నే. రాయి అరిగినా, మందు చెమ్మగిల్లినా, రంధ్రం పూడినా అంతే సంగతులు. ఐర్లండ్‌లో పొద్దుటిపూట పొలంలో చెమ్మకేం కరువు!

పాత తుపాకీ చేతికొస్తే ముందు అందులో గుండుందేమో చూడాలి. గొట్టంలోకి సన్నటి కర్ర దింపాను. అడుగు దాకా పోలేదు. "ఓరి దేవుడో!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. గుండు లోపలే ఉంది. గార్డ్స్‌కు, అంటే ఇక్కడి పోలీసులకు చెప్పి, లైసెన్సున్న తుపాకుల పనివాడితో గుండూ మందూ తీయించాం. తర్వాత సన్నటి కెమెరా పెట్టి చూస్తే టచ్ హోల్ మసితో రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఆ ద్వంద్వయుద్ధం తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదని నోరా వాళ్ల మాట. అదే నిజమైతే, ఆయన గుండు వేసుకునే వెళ్లాడు. ఎంత నొక్కినా అది పేలేది కాదు.

డెక్లన్ విని నవ్వాడు. "గ్రాండ్! కానీ జనం వచ్చేది పిరికివాడి కథ కోసం. కార్డు అలాగే ఉండనీ. పరిశీలన నీదని కింద నీ పేరు వేస్తాం."

"ఆ మాట కింద నా పేరు పడదు. కాదంటే నన్నే పంపించేయ్."

ఇంట్లో మా ఆయన రవి తల పట్టుకున్నాడు. "వాళ్ల తాతముత్తాతల గొడవ నీకెందుకే? కాంట్రాక్టు రెన్యూవల్ నెత్తి మీదుంది."

"ఉంటే ఉండనీ. ఆ ముసలావిడని ఊరంతా కలిసి ఇంకో వందేళ్లు వెక్కిరించడానికి నేను సంతకం పెట్టాలా?"

"నీతో ఎవడు గెలిచాడులే," అని కంచం ముందుకు లాక్కున్నాడు.

మర్నాడు నోరా వచ్చింది. చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది. "అయితే వీరుడని రాస్తావుగా?"

"రాయను. ఆయన మనసులో ఏముందో పిస్టల్ చెప్పదు."

"ఈ మాత్రం దానికా నీకు తెచ్చిచ్చింది?" అంటూ విసురుగా కోటు తొడుక్కుంది.

"కూర్చోండి. ఆనాటి నియమం ఒకటుంది. పేలకపోయినా కాల్చినట్టే లెక్క. మళ్లీ కాల్చే వీల్లేదు. పనికిరాని ఇనుము చేత్తో పట్టుకుని ఎదుటివాడి గుండుకు నిలబడాలి. ఆయనకు ఎటునుంచి తగిలింది?"

"ముందునుంచి. దొర ఇంటివాళ్లూ అదే చెబుతారు," అంది. "ముందునుంచే," అని మళ్లీ అని కుర్చీలో కూలబడింది. ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

డెక్లన్‌తో ఇంకో పూట కొట్లాడితే గానీ కార్డు మారలేదు. ప్రదర్శన మొదటిరోజు నోరా పబ్‌లో తనను ఎక్కువగా ఏడిపించే పెద్దమనిషిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "చదువు. గట్టిగా చదువు," అంది.

ఆయన చదివాడు: "గుండు వేసి ఉంది. రంధ్రం పూడిపోయింది. పేలకపోయినా ఆనాటి నియమం ప్రకారం అది కాల్చినట్టే. ఎదుటివాడి గుండు ఈయనకు ముందునుంచి తగిలిందని రెండిళ్లవాళ్లూ చెబుతారు." చదివి టోపీ తీశాడు. నోరా ఆయన వంక చూడలేదు, పిస్టల్ వంకే చూస్తూ నిలబడింది.

వస్తువు గురించి తెలిసినంతే రాయాలని చదువుకునే రోజుల్లోనే నేర్పారు. దానికోసం పోట్లాడాలని మాత్రం ఈ పిస్టలే నేర్పింది. లోపలికి చూడకుండా మనిషిని పిరికివాడనమన్నా అనను, వీరుడనమన్నా అనను. ఉద్యోగం ఉన్నా సరే, ఊడినా సరే.