జమీందారు గారు కాలు పెట్టిన పీట

పామర్రు దగ్గర మా ఊళ్లో పాత జమీందారు మేడని ఒక రిటైర్డ్ మాస్టారు చిన్న మ్యూజియం చేశారు. పోయినేడు ఇంటింటికీ తిరిగి పాత సామాన్లు అడిగితే, నేను మా నాయనమ్మ కొబ్బరికోరు పీట, అదీ కోరే బిళ్ల ఊడిపోయింది, పట్టుకెళ్లి, "జమీందారు గారు పల్లకీ ఎక్కడానికి కాలు పెట్టిన పీటండీ" అని నమ్మబలికాను. ఆయన రెండు చేతులా అందుకున్నారు. అది చెప్పుకుని ఏడాదంతా నవ్వాను.

ఈ రోజు హనుమాన్ జంక్షన్ నుంచి మా కొత్త వియ్యంకుడుగారు వస్తే, నా ప్రతాపం చూపిద్దామని తీసుకెళ్లాను. పీట అద్దాల పెట్టెలో ఉంది. కింద ఉన్న చీటీ వియ్యంకుడుగారే పైకి చదివారు: "కొబ్బరికోరు పీట. కోరే బిళ్ల లేదు. దీని మీద జమీందారు గారు కాలు పెట్టేవారని ఇచ్చినవారి నమ్మకం." ఆ కింద నా పేరు, ఇంటిపేరుతో సహా.

"మాస్టారూ, నేను వేళాకోళానికి అన్నానండీ! కొబ్బరికోరు పీట నాకు తెలియదా ఏంటి?"

"ఇప్పుడు అలాగే అంటార్లే బాబూ. మీరంత భక్తిగా చెప్తుంటే కాదనలేకపోయాను."

వియ్యంకుడుగారు నా భుజం తట్టారు. "పోన్లెండి బావగారూ, పిల్లనిచ్చేశాం. ఇప్పుడనుకుని ఏం లాభం?"

చీటీ మార్చమని బతిమాలాను. "జనం ఎక్కువసేపు నిలబడేది అక్కడేనండీ" అని మాస్టారు ఒప్పుకోలేదు. వచ్చేటప్పుడు సందర్శకుల పుస్తకంలో సంతకం చేయమంటే కచ్చకొద్దీ వియ్యంకుడుగారి పేరు రాసి వచ్చాను.

అటు వెళ్లినవాళ్లు పీట చూడండి, చీటీ చదవకండి. నేను వేళాకోళానికే అన్నాను. మీరైనా నమ్ముతారు కదా?