గులాబీ పగడం పుట్టుపూర్వోత్తరాలు

మార్చి మొదటి శనివారం, పొద్దున ఐదూ యాభైకి ఆక్లాండ్ శివారు న్యూ లిన్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కాను. భుజానికి ఒక సంచి. అందులో రెండు జతల బట్టలు, నా భార్య స్వప్న కట్టిచ్చిన పులిహోర, ప్లాస్టిక్ కవర్లో ఒక ప్రభుత్వ దరఖాస్తు ఉన్నాయి. దరఖాస్తులో అన్ని పేజీలూ నింపాను. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. దాన్ని నింపగలిగిన మనిషి దేశానికి ఆ చివర, డునెడిన్‌లో ఉన్నాడు.

నేను ఆక్లాండ్‌లో సిటీ బస్సు నడుపుతాను. చదువుకోవడానికి వచ్చి, ఈ ఊళ్ళోనే ఉండిపోయి పదకొండేళ్ళయింది. మా అపార్ట్‌మెంట్ హాల్లో సోఫా ఉండాల్సిన చోట ఉప్పునీళ్ళ అక్వేరియం ఉంటుంది. అందులో పగడాలు పెంచుతాను. పగడం కొమ్మను చిటికెన వేలంత విరిచి చిన్న రాయికి అంటిస్తే, కొన్ని నెలల్లో అది సొంతంగా ఎదుగుతుంది. అలా పెంచిన పిల్లల్ని రెండేళ్ళుగా ఆన్‌లైన్ గ్రూపులో అమ్ముతూ వచ్చాను. దానికి అనుమతి కావాలని నాకు నిజంగా తెలియదు.

ఒకరోజు ఉత్తరం వచ్చింది. రాతిలాంటి అస్థిపంజరం కట్టుకునే పగడాలన్నీ ఇక్కడ వన్యప్రాణి చట్టం కిందకు వస్తాయట. సముద్రంలోంచి తీసినదైనా, హాల్లో పెంచినదైనా చట్టానికి ఒక్కటే. ఉత్తరం కింద సంతకం చేసిన అధికారిణికి ఫోన్ చేసి, అమ్మిన మాట ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. "నెలాఖరులోగా దరఖాస్తు చేయండి. ప్రతి పగడం ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయండి. అనుమతి వచ్చేదాకా ఒక్క ముక్క కూడా మీ ఇల్లు దాటకూడదు," అంది.

అన్నిటి మూలాలూ దొరికాయి, ఒక్క గులాబీ రంగుదానివి తప్ప. కాలీఫ్లవర్ పువ్వులా గుబురుగా ఉండే ఆ పగడమే నా తొట్టికి అందం. నేను అమ్మిన పిల్లల్లో సగం దాని కొమ్మలే. ఆరేళ్ళ కింద డునెడిన్ నుంచి జెఫ్ అనే పెద్దాయన కొరియర్లో పంపాడు. ఆయనకు ఈమెయిల్ లేదు. ల్యాండ్‌లైన్‌కి చేస్తే, "కాగితాలా? అదంతా జోన్ చూసుకునేది. నువ్వే రాకూడదూ?" అని పెట్టేశాడు. మూలం తేలకపోతే దాన్ని అనుమతిలో చేర్చలేకపోవచ్చని అధికారిణి ముందే చెప్పింది.

"విమానమెక్కితే రెండు గంటల్ల పోతవు. మూడు రోజులు దేనికి?" అంది స్వప్న.

"ఇన్నేండ్ల సంది అందర్నీ నేనే తీస్కపోతున్న. ఒక్కసారి నన్నెవరన్న తీస్కపోనీ," అన్నాను. నవ్వి, పులిహోర ఇంకాస్త పెట్టింది.

వెల్లింగ్టన్ రైలు సిటీ స్టేషన్ నుంచి కాదు, అక్కణ్ణుంచి పావుగంట నడిస్తే వచ్చే వేరే ప్లాట్‌ఫాం నుంచి బయల్దేరుతుంది. ఇది తెలియక నా ముందు ఒక కుటుంబం పెట్టెలతో పరుగులు తీసింది. ఏడుంబావుకల్లా అక్కడ ఉంటే ఇబ్బంది లేదు. రైలు రోజూ ఉండదు కాబట్టి, వారాలు చూసుకుని టికెట్ తీసుకోవాలి. ఏడూ నలభై ఐదుకి కదిలింది.

మధ్యాహ్నందాకా పచ్చిక, గొర్రెలు, మళ్ళీ పచ్చిక. తర్వాత రైలు కొండెక్కడానికి తన చుట్టూ తాను చుట్ట చుట్టుకుంటుంది. కిటికీలోంచి చూస్తే ఇందాక మనం వచ్చిన పట్టాలే కింద కనిపిస్తాయి. మలుపు తిప్పేటప్పుడు నా కుడికాలు బ్రేక్ కోసం వెతికింది. పక్క సీటులో స్వెటర్ అల్లుతున్న పెద్దావిడ అది కనిపెట్టి, ఎక్కడికి వెళ్తున్నావని అడిగింది. చెప్పాను.

"పగడానికి లైసెన్సా? మా ఇంట్లో తుపాకీకి ఒకటుంది, కుక్కకి ఒకటుంది. నీ పగడం కరుస్తుందా?"

"పక్కన వేరే పగడం పెడితే కరుస్తుందండీ," అన్నాను. అది నిజమే. ఆవిడ సూదులు ఆపి, పగడాల పోట్లాటల గురించి అరగంట విన్నది.

సాయంత్రం ఆరున్నరకు వెల్లింగ్టన్. స్టేషన్ ఎదురుగా ఉన్న హాస్టల్లో గది చెప్పి ఉంచాను. గాలికి తలుపు తీయడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. పులిహోర అక్కడితో అయిపోయింది.

ఆదివారం ఎనిమిదీ నలభై ఐదుకి దక్షిణ దీవికి ఫెర్రీ. గంట ముందే రమ్మంటారు, వెళ్ళాలి. మొదటి రెండు గంటలు ఓడ బాగా ఊగింది. మూడో గంటలో కొండల మధ్య సన్నటి నీటిదారిలోకి వచ్చేసరికి అందరూ డెక్ మీదకు చేరారు. రెయిలింగ్ దగ్గర నా పక్కన నిలబడినాయన పాత చేపలవేటగాడు. ఈ నీళ్ళలో పగడాలుంటాయా అని మాటవరసకు అడిగాను.

"లోతున ఉంటాయి. మా నాన్న వలకి ఒకసారి నల్ల పగడం చెట్టు చిక్కింది. నా అంత ఎత్తు. ఎండబెట్టి గోడకి పెట్టాడు. అది కొన్ని వందల ఏళ్ళు బతికి ఉంటుందని చాలా రోజుల తర్వాత ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి నాన్న ఆ గోడవైపు కూర్చోవడం మానేశాడు," అన్నాడు.

ఆ మాట విన్నాక దరఖాస్తు మీద నాకున్న విసుగు కొంత తగ్గింది. ఈ చట్టం నా హాల్లోని తొట్టిని చూసి రాసింది కాదు. కింద చీకట్లో, చన్నీళ్ళలో, ఎవరికీ కనిపించకుండా పెరిగేవాటి కోసం రాసింది. నేను దాని అంచున తగిలానంతే.

పిక్టన్‌లో దిగి, ఒంటిగంటంబావుకి క్రైస్ట్‌చర్చ్ బస్సెక్కాను. కైకోరాలో అరగంట ఆపారు. రోడ్డు పక్క రాళ్ళ మీద సీల్ జంతువులు మధ్యాహ్నం భోంచేసిన అంకుల్స్‌లా పడుకుని ఉన్నాయి. చిప్స్ వేడిగా, ఉప్పగా బాగున్నాయి. డ్రైవర్ మలుపులన్నీ మెత్తగా తిప్పాడు. వంక పెడదామని చూశాను గాని దొరకలేదు. రాత్రి బస క్రైస్ట్‌చర్చ్‌లో బస్టాండుకి దగ్గరగా ఉన్న మోటెల్లో.

సోమవారం ఎనిమిదికి డునెడిన్ బస్సు. టిమారూలో ఎక్కిన అమ్మాయి నా ఫోన్లో తెలుగు మాటలు విని, "మీరు తెలుగువాళ్ళా అండీ?" అంది. పేరు రమ్య, ఊరు భీమవరం, డునెడిన్ ఆసుపత్రిలో నర్సు. నా కథంతా విని తేల్చేసింది. "దీనికింత ఆలోచన ఏంటండీ? ఫలానా షాపులో కొన్నానని ఆయన రాసి సంతకం పెట్టేస్తే అయిపోద్ది. షాపు మూసేశారంటే ఎవరు చూడొచ్చారు?"

నవ్వేశాను. కానీ ఓమరూలో టీ తాగుతున్నప్పుడూ, ఆ తర్వాత సముద్రం పక్కన సాగుతున్నప్పుడూ ఆ మాట తలలో తిరుగుతూనే ఉంది. నిజానికి ఆక్లాండ్‌లో బయల్దేరినప్పుడే అది నా తలలో ఉంది. రమ్య పైకి అన్నదంతే.

రెండుకి డునెడిన్. సిటీ బస్సులో పది నిమిషాలు వెళ్ళి, నిచ్చెనలాంటి వీధి ఎక్కితే జెఫ్ గారిల్లు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు ఎలక్ట్రీషియన్. తలుపు తీస్తూనే, "ఆ కొండెక్కి వచ్చావంటే టీ తాగాల్సిందే, శ్రీనీ," అన్నాడు.

హాల్లో గోడంత పొడవు తొట్టి ఉంది. నీళ్ళు లేవు. పగడాలకు పెట్టే నీలం దీపాల కింద, పెరుగు డబ్బాల్లో టమాటా నారు పెరుగుతోంది. నేను చూస్తూ ఉండిపోయాను.

"రెండు చలికాలాల కింద నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు," అన్నాడు. "తొట్టి జోన్‌ది. తను పోయాక నేను చూసుకుంటూ వచ్చాను. నాలుగేళ్ళు నిలబెట్టాను."

అప్పుడు తెలిసింది జోన్ ఎవరో. ఆయన భార్య.

టీ ముగిశాక దరఖాస్తు తీశాను. ఖాళీ గడి చూసి, ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. "ఏం రాయమంటావో చెప్పు. షాపు పేరు, సంవత్సరం, నీ ఇష్టం. కింద నేను సంతకం పెడతాను."

ఇంత దూరం వచ్చింది ఆ సంతకం కోసమే. సరేనని నోటిదాకా వచ్చింది. ఎందుకో, "జోన్ గారు ఏమైనా రాసి పెట్టారేమో చూద్దామా?" అన్నాను.

అల్మరాలోంచి నోటు పుస్తకాలు దింపాడు. పదకొండున్నాయి. ఆవిడ రోజూ నీళ్ళ వేడి, ఉప్పు, ఏ చేప అలిగింది, ఏ పగడం విచ్చుకుంది అన్నీ రాసింది. చెరో పుస్తకం పట్టుకుని వంటగది బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన మధ్యమధ్యలో ఆగిపోయేవాడు. "ఇదిగో, మా అమ్మాయి పెళ్ళిరోజు. ఆ రోజు కూడా ఉప్పు కొలిచింది చూడు!" అని నవ్వేవాడు. నవ్వు ముగిసేసరికి కళ్ళజోడు తుడుచుకునేవాడు. నేను తొందరపెట్టలేదు.

దాదాపు రెండు గంటలు వెతికాక, ఆరో పుస్తకంలో నాకు దొరికింది. చిన్న, నిటారు అక్షరాలు: "మెత్త పగడం రాయి మీద గులాబీ చుక్క. ఆవగింజంత. నేను కొనలేదు. ఎక్కడిదో తెలియదు. ఉండనిద్దాం."

అంటే వేరే పగడంతో పాటు కనపడకుండా వచ్చి మొలిచింది. దానికి రసీదు ఉండే అవకాశమే లేదు. నా దరఖాస్తుకి ఇంతకంటే చెడ్డ జవాబు ఇంకోటి ఉండదు.

జెఫ్ గారు నా మొహం చూశాడు. "ఈ పేజీ చూసింది మనిద్దరమే," అన్నాడు మెల్లగా.

ఆ అక్షరాల వైపు మళ్ళీ చూశాను. తెలియనిదాన్ని తెలియదని రాసుకున్న మనిషి ఆవిడ. దాని పక్కన లేని షాపు పేరు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. "ఇదే ఫోటో తీసుకుంటానండీ. ఉన్నది ఉన్నట్టు రాద్దాం," అన్నాను.

"జోన్ కూడా ఇంతే. లైబ్రరీ పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైతే తనకు అన్నం సహించేది కాదు," అని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "అది బతికే ఉందా?" అని అడిగాడు.

ఫోన్లో ఫోటో చూపించాను. ఆయన పంపినప్పుడు వేలంత ఉన్నది ఇప్పుడు ఫుట్‌బాలంత అయింది. తెర మీద వేలితో ఒక్కో కొమ్మా తాకుతూ చాలాసేపు చూశాడు.

"ఒక ముక్క తెచ్చి ఉంటావనుకున్నాను."

"అనుమతి వచ్చేదాకా ఇల్లు దాటించకూడదన్నారండీ."

"సరేలే," అన్నాడు. మొహం తిప్పుకుని టమాటాలకు నీళ్ళు పోశాడు. అప్పటికే పోసినవాటికే మళ్ళీ పోశాడు.

ఆ రాత్రి అక్కడే ఉండి, మంగళవారం తొమ్మిదికి ఆయన వంటగదిలోంచే అధికారిణికి ఫోన్ చేశాను. నోటు పుస్తకం సంగతి, ఆవగింజ సంగతి, లేని షాపు పేరు రాసేద్దామని నాకు కలిగిన ఆశ సంగతీ చెప్పాను. "అన్నీ తెలుసని రాసే దరఖాస్తులే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడతాయి," అంది. "ఆ పేజీ ఫోటో జత చేయండి. మాట ఇవ్వలేను, చూస్తాను." జెఫ్ గారికి ఒక ముక్క ఇవ్వాలని కూడా రాయవచ్చా అని అడిగాను. రాయమంది. ఆయన పక్కనే కూర్చుని, జోన్ పేరులో అక్షరాలు ఒక్కోటీ చెప్పి రాయించాడు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అయిదు వారాలకు అనుమతి వచ్చింది. ప్రతి పగడానికీ ఒక నంబరు ఉండాలి, ఏది ఎవరికి వెళ్ళిందో రాసి ఉంచాలి, ఏ ముక్కా సముద్రంలో పడకూడదు. గులాబీదాన్ని పెంచుకోవచ్చు, అమ్మకూడదు, వాళ్ళు ఒప్పుకున్న మనిషికి ఊరికే ఇవ్వొచ్చు. అలా ఒప్పుకున్నవాళ్ళ జాబితాలో మొదటి పేరు జెఫ్ గారిది. టమాటాలు పెరట్లోకి మారాయి. తొట్టిలో నీళ్ళు నింపి, ఉప్పు కలిపి, రోజుకోసారి ఫోన్ చేసి వేడి ఎంత ఉందో నాకు చదివి వినిపిస్తున్నాడు. అన్నీ పన్నెండో నోటు పుస్తకంలో రాస్తున్నాడట.

ఆ మంగళవారం మధ్యాహ్నమే విమానం ఎక్కాను. మూడు రోజుల దారి రెండు గంటల లోపే కిటికీ కింద నుంచి వెనక్కి పోయింది. వెళ్ళాలనుకునేవాళ్ళకు నా సలహా ఒకటే: పోయేటప్పుడు నేల మీద పొండి, వచ్చేటప్పుడు ఎగిరి రండి. మనసులో ఏదో పెట్టుకుని తిరిగొచ్చే మనిషికి ఇల్లు తొందరగా రావాలి.

సాయంత్రం ఆరున్నరకు న్యూ లిన్‌లో దిగాను. స్వప్న అన్నం వడ్డిస్తూ అడిగింది.

"పనయిందా?"

"తెల్వదు."

"మరి గింత సంబరంగ ఉన్నవేంది?"

జోన్ గారి నుంచి మొదలుపెట్టాను. చెప్పడం అయ్యేసరికి ఇద్దరి కంచాల్లోనూ అన్నం చల్లారిపోయింది.